మడికట్టుకున్న చీకటి

పెళ్ళయి బందరు వచ్చిన కొత్తలో నన్ను భయపెట్టినవి రెండే. ఒకటి తుఫాను హెచ్చరిక, రెండోది మా అత్తగారి వంటిల్లు. తుఫాను ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేది. వంటిల్లు రోజూ అక్కడే ఉండేది.

మాది గుడివాడ. మా పుట్టింటి వంటింట్లో పొద్దున్నే ఎండ పడేది, అమ్మ ఆ ఎండలో పీట వేసుకుని కూరలు తరిగేది. అత్తవారిది పాతకాలపు పెంకుటిల్లు. ముందు వరండా, మధ్యలో హాలు, చివర వంటిల్లు. దానికి ఉన్నది ఒకే కిటికీ. పక్కవాళ్ళు మేడ కడుతూ దాని ముక్కుకి తగిలేలా గోడ లేపేశారు, అంచేత కిటికీ తెరిస్తే ఇటుకలు కనపడేవి. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగ పట్టి గోడలు, దూలాలు, పెంకులు అన్నీ ఒకటే నలుపు. గ్యాసు వచ్చినా ఆ నలుపు వదల్లేదు. పట్టపగలు గుమ్మంలో నిలబడి చూస్తే లోపల స్టవ్వు మంట ఒక్కటే నీలంగా వెలిగేది. కాసేపటికి ఆ మంట ముందు ఒక చెయ్యి కదిలేది. మనిషి మాత్రం కనపడేవారు కాదు.

బల్బు ఉంది, కానీ అది మాడిపోయి ఎంతకాలమైందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. కొత్తది పెట్టిద్దామంటే, "వద్దమ్మాయ్, దీపానికి పురుగులొచ్చి కూరలో పడతాయి" అనేవారు అత్తగారు. పగలు కూడానా అని అడిగే చనువు నాకప్పటికి లేదు.

పైగా మడి. తెల్లవారకుండానే నూతి దగ్గర స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసుకున్న చీర కట్టుకుని ఆవిడ వంటింట్లోకి వెళ్ళారంటే, భోజనాలయ్యేదాకా ఆవిణ్ణి గానీ, గిన్నెల్ని గానీ ఎవరూ ముట్టుకోకూడదు. గుమ్మం దాటకూడదు. గరిటె ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపకూడదు. ఒకసారి మా ఆయన మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళి చెంబు పక్కకు పెట్టినందుకు ఆవిడ ఆ పూటంతా ఏడ్చినంత పని చేశారు. "మా చిన్నప్పుడు ఇంత మడి లేదు" అనేవారు మా ఆయన. "వయసొస్తున్న కొద్దీ అమ్మకి చాదస్తం పెరుగుతోంది." రిటైరైన హెడ్మాస్టరు మా మావగారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకునేవారు, ఈ రోజుల్లో ఇంత నిష్ఠ ఎవరింట్లో ఉందండీ అని.

నాకా నిష్ఠతో పేచీ లేదు. నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. తొమ్మిదింటికల్లా కంచంలోకి వేడివేడి అన్నం, పప్పు వస్తుంటే వద్దనడానికి నాకేమన్నా పిచ్చా? నా బాధ వేరే. ఆ వంటింట్లోంచి మాటలు వినపడేవి.

మొదటిసారి విన్నది ఒక వానాకాలం పొద్దున. హాల్లో జడ వేసుకుంటున్నాను. లోపల్నించి అత్తగారి గొంతు, మామూలుగా మాతో మాట్లాడే గొంతు కాదు, పసిపిల్లల్ని బుజ్జగించే గొంతు.

"చిన్నదీ... ఎక్కడున్నావే? ఇక్కడే కదా నిన్ను వదిలాను!"

తర్వాత దేన్నో వేలితో టక్కుమని కొట్టిన చప్పుడు, మళ్ళీ ఇంకోటి. అటు తర్వాత ఆవిడ నవ్వు. "ఆ, దొరికావు. కదలకు మరి."

నా చేతిలో జడ అలాగే ఉండిపోయింది. ఎందుకంటే మా అత్తగారి పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. ఉప్పెనలో ఆవిడ ఆఖరి చెల్లెలు కొట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదట. ఆ పిల్లని ఇంట్లో అందరూ "చిన్నది" అనే పిలిచేవారని మావగారే నాతో ఒకసారి అన్నారు. అన్నాక, ఈ సంగతి మీ అత్తయ్య దగ్గర ఎత్తకమ్మా అని కూడా అన్నారు.

నేను దయ్యాల్ని నమ్మేదాన్ని కాదు. కానీ నమ్మకపోవడానికి కాస్త వెలుతురు కావాలి. ఆ చీకటి గుమ్మంలో నిలబడి కంచం అందుకుంటుంటే, అవతల కంచం పట్టుకున్నది ఆవిడ చెయ్యేనా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది. ఒకసారి చూడటం మొదలుపెడితే అన్నీ వింతగానే కనపడతాయి కదా. ఆవిడ కాఫీ పోసేటప్పుడు గ్లాసు అంచులోపల వేలు పెట్టేవారు. అంత మడి మనిషి ఈ పని చెయ్యడమేంటని నాకు వికారం. పప్పుల డబ్బాలు, ఉప్పు జాడీ, కారం సీసా, అన్నిటి మెడలకీ ముళ్ళు వేసిన గుడ్డపీలికలు కట్టి ఉండేవి. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, మరోదానికి వరసగా చాలా. మా గుడివాడలో పిల్లలకి జడుపు జ్వరం వస్తే ఇలాంటి ముడులే చేతికి కట్టించేవారు. దేన్నుంచి కాపాడటానికి ఉప్పుజాడీకి కట్టు కట్టారో అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను.

ఆవిడ మణికట్టు మీద కాలిన మచ్చలు చూసేదాకా అలాగే ఊరుకున్నాను. పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా. గంజి వార్చేటప్పుడు పడ్డాయన్నారు. ఆ రోజు నాకు భయం పోయి కోపం వచ్చింది. చీకట్లో వండి ఒక మనిషి ఒళ్ళు కాల్చుకుంటుంటే, ఇంట్లో ఇద్దరు మగాళ్ళు నిష్ఠ అని మురిసిపోతున్నారు!

"ఈ వంటిల్లు బాగుచేయిద్దామండీ" అని భోజనాల దగ్గర గట్టిగానే అన్నాను. "పెద్ద ఖర్చు పెట్టక్కర్లేదు. పైన నాలుగు పెంకులు తీసి గాజు పెంకులు వేయిస్తే చాలు, వెలుతురొస్తుంది. గోడలు గీకించి సున్నం కొట్టిద్దాం."

మావగారు వెంటనే ఒప్పేసుకున్నారు. ఆ రోజుల్లో బందరంతా వాస్తు గాలి వీస్తోంది. మంచి ఇళ్ళకి గుమ్మాలు మూసేసి లేనిచోట తెరిపిస్తున్నారు. "పొయ్యి ఆగ్నేయానికి మార్చాలని నాకెప్పట్నించో ఉంది" అన్నారాయన. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. కానిద్దాం."

గుమ్మంలోపల అత్తగారు కదలకుండా నిలబడ్డారు. "ఏదీ కదపొద్దు" అన్నారు. మేం నచ్చజెప్పబోయాం. "నాకేం లోటుగా లేదు. ఈ వంటిల్లు తీసేస్తే నేనెక్కడుండాలి?"

"తీసేయట్లేదత్తయ్యా, బాగుచేస్తున్నాం. మీ వంటిల్లు మీకే" అన్నాను.

ఆవిడ రెండు రోజుల తర్వాత, ఈ దుమ్ములో నేనుండలేను, పనయ్యాక కబురు చెయ్యండి అని సంచి సర్దుకున్నారు. మా ఆయన వెంట వెళ్ళి ఆవిణ్ణి పుట్టింట్లో దింపి వచ్చారు. దారంతా అమ్మ నా చొక్కా పట్టుకుని నడిచింది, బస్సులంటే ఎప్పుడూ ఇంత భయం లేదే అన్నారు తిరిగొచ్చాక. నేను పట్టించుకోలేదు. నాకప్పటికి టైల్స్ పిచ్చి పట్టింది.

ఇల్లు కట్టి చూడమన్నవాడు వంటిల్లు బాగుచేసి చూడమని కూడా అనాల్సింది. కొత్త టైల్స్ కొనే తాహతు మాకు లేదు. గుడివాడలో మా నాన్నగారికి తెలిసిన కొట్లో, ఎవరెవరి ఇళ్ళకో కొనగా మిగిలిపోయిన పెట్టెలు కారుచౌకగా ఇచ్చారు. అన్నీ తెలుపే, కానీ ఏ రెండు పెట్టెల తెలుపూ ఒకటి కాదు. ఒకటి పాల తెలుపు, ఒకటి పెరుగు తెలుపు, ఒకటి విరిగిన పాల తెలుపు. గట్టుకి కడప రాయి. పాత పెరటి తలుపు చెక్కలతోనే అరలు. సున్నంలో నీలిమందు నేనే కలిపాను. మేస్త్రి దొరకడమే కష్టమైంది. రొయ్యల చెరువులు జోరుగా ఉన్న కాలం అది. పనివాళ్ళందరూ కృత్తివెన్ను వైపు చెరువుల దగ్గర షెడ్లు కట్టడానికి పోతుండేవారు. దొరికినవాడే దేవుడు.

మా దేవుడు పెంకులు తీసి గాజు పెంకులు వేసిన రోజు, నేను స్కూలు నుంచి వచ్చేసరికి పెరట్లో బీడీ కాల్చుకుంటూ కూర్చుని ఉన్నాడు. పని ఆపేశాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"లోపలెవరో తిరుగుతున్నారండీ, అమ్మగారూ."

"ఎవరు తిరుగుతారు? ఇంట్లో ఎవరూ లేరుగా!"

"ఇప్పుడని కాదండీ. ఎప్పట్నించో తిరుగుతున్నారు. మీరే చూడండి."

వెళ్ళి చూశాను. పైనుంచి మొదటిసారిగా ఎండ పడుతోంది. గోడలు నేలదాకా మసి, దూలాలకి వేలాడే మసి. ఆ మసిలో, నడుం ఎత్తున, గుమ్మం పక్కన మొదలై గది చుట్టూ ఒక పట్టీ. బెత్తెడు వెడల్పు. అక్కడ మసి లేదు. అక్కడి గోడ నూనె రాసినట్టు నున్నగా మెరుస్తోంది. పొయ్యి దగ్గర వెడల్పైంది, అరల దగ్గర వేళ్ళ ముద్రల్లా చీలింది, మూల దగ్గర మలుపు తిరిగి మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చింది.

ముందు ఉప్పెన నీళ్ళ గుర్తేమో అనుకున్నాను. కానీ నీళ్ళ గుర్తయితే మసి కింద ఉండాలి. ఇది మసి మీద, మసిని అరగదీసి ఉంది. ఎవరో ఆ గోడల్ని పట్టుకుని ఏళ్ళ తరబడి చుట్టూ తిరిగారు. "చిన్నదీ, ఎక్కడున్నావే" అన్న పిలుపు చెవిలో వినపడింది. ఆ మధ్యాహ్నం ఎండలో నిలబడి నేను వణికాను, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మేస్త్రి గుమ్మడికాయ కొట్టందే పని ముట్టనన్నాడు. కొట్టించాను. మావగారికి చెబితే, పాత ఇళ్ళలో గోడలు అలాగే అరుగుతాయి అని పేపరు తిప్పుకున్నారు. ఆ పట్టీతో సహా పాత సున్నమంతా గీకేసి, పైన టైల్స్ అతికించాం. డబ్బాలన్నీ సబ్బుతో తోమి, జిడ్డోడుతున్న ఆ గుడ్డపీలికలు కత్తిరించి పారేశాను. పక్క గోడ దగ్గరున్న పొయ్యి ఆగ్నేయం మూలకి వెళ్ళింది. పాత పొయ్యి ఉన్నచోట గిన్నెలు కడిగే తొట్టి వచ్చింది. అంతా అయ్యాక గుమ్మంలో నిలబడి చూసుకుంటే, మూడు రకాల తెలుపులతో ఆ గది పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టుంది. నాకు మాత్రం చాలా ముచ్చటేసింది.

అత్తగారు వచ్చిన మర్నాడు పొద్దున, మంచి ఘడియ చూసి పాలు పొంగించడం పెట్టుకున్నాం. మగవాళ్ళిద్దరూ హాల్లో కూర్చున్నారు. నేను స్నానం చేసి, స్టవ్వు వెలిగించి, చిన్న ఇత్తడి గుండిగలో పాలు పోసి పెట్టి, "రండత్తయ్యా, మీ చేత్తోనే పొంగించాలి" అని పిలిచాను.

ఆవిడ మడిచీరతో వచ్చి గుమ్మంలో ఆగారు. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి అలాగే నిలబడ్డారు. పైనుంచి ఎండ సరిగ్గా ముఖం మీద పడుతోంది. పెళ్ళయ్యాక ఇన్నాళ్ళలో నేను ఆ ముఖాన్ని అంత వెలుతురులో, అంత దగ్గరగా చూడలేదు. ఆవిడ కళ్ళు రెప్ప వెయ్యడం లేదు. నావైపే తిరిగి ఉన్నాయి, కానీ నన్ను దాటి నా వెనకాల ఎవరో ఉన్నట్టు చూస్తున్నాయి. నేను వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు.

"వెచ్చగా తగుల్తోందే" అన్నారు.

తర్వాత ఎడమచెయ్యి గోడకి ఆనించి లోపలికి నడిచారు. నడుం ఎత్తున. ఆ చెయ్యి టైల్స్ మీద, సరిగ్గా ఆ పాత పట్టీ ఉన్న ఎత్తులోనే జారుతూ వెళ్ళింది. పాత పొయ్యి ఉండేచోటికి సరిగ్గా వెళ్ళి ఆగారు. చెయ్యి చాపారు. తొట్టి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ చాపారు. మళ్ళీ తొట్టే.

"చిన్నదీ" అన్నారు మెల్లిగా. "ఎక్కడ పెట్టారే నిన్ను?"

చిన్న గుండిగ నా పక్కన, స్టవ్వు మీద, కళ్ళు మిరుమిట్లు గొలిపేంత ఎండలో మెరుస్తూ ఉంది. దాని జత పెద్ద గుండిగ అరలో ఉంది. ఆవిడ గట్టు తడుముకుంటూ ఇటు తిరిగారు. పమిట చెంగు ఊగి మంట మీదికి వచ్చింది. నేను ఒక్క దూకు దూకి చెంగు లాగి, ఆవిడ భుజాలు పట్టుకుని నాకేసి అదుముకున్నాను. మడిలో ఉన్న మనిషిని. ఆవిడ అరుస్తారనుకున్నాను. ఆవిడ ఒళ్ళంతా పిచ్చుకలా కొట్టుకుంటోంది.

స్టవ్వు మీద పాలు సుయ్యిమన్నాయి.

"పొంగాయా?" అని హాల్లోంచి మావగారు కేకేశారు.

"పొంగాయండీ! బ్రహ్మాండంగా పొంగాయి" అని నాకంటే ముందు అత్తగారు పలికారు. గొంతులో ఒక్క జీర లేదు.

ఆ తర్వాత నా చెవి దగ్గర, "చెప్పకే అమ్మాయ్" అన్నారు. "వంటిల్లు తీసేసుకుంటారు."

ఎప్పట్నించి అని అడిగాను. ఒక్కసారిగా పోలేదట. పక్కలనుంచి చీకటి పడుతూ మధ్యకి వచ్చిందట. మొదట్లో, గిన్నెలు ఎవరూ కదపకుండా ఉండటానికి మడి గట్టిగా పట్టారు. తర్వాత, మనుషులు అడ్డం రాకుండా ఉండటానికి ఇంకా గట్టిగా పట్టారు. ఇంటిల్లిపాదీ దాన్ని భక్తి అనుకున్నాం. గుడ్డితనాన్ని చూసి దణ్ణం పెట్టిన ఇల్లు మాది తప్ప ఇంకోటి ఉండదు. గుడ్డపీలిక మీద ఒక ముడి అంటే ఉప్పు. రెండు ముళ్ళు కారం. గ్లాసులో వేలు పెట్టేది కాఫీ పొర్లకుండా. వేలితో టక్కుమనిపించేది ఏ గిన్నె ఎక్కడుందో చప్పుణ్ణి బట్టి పట్టుకోవడానికి. చిన్నది అంటే ఆ చిన్న గుండిగ.

"మరి ఇంట్లో చెప్పచ్చుగా అత్తయ్యా, డాక్టరుకి చూపించేవాళ్ళం కదా!" అని ఏడుస్తూ తిట్టాను.

"కళ్ళు పోయాయంటే చేతులు కూడా పోయాయనుకుంటారే మీరంతా" అన్నారావిడ.

చెప్పాను. ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను. చెంగు అంటుకుని ఉంటే ఏమయ్యేదో నేను చూశాను, ఆవిడ చూడలేదు. డాక్టరు నీటికాసులన్నాడు, గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఎన్నాళ్ళుగా ఆ చేతి వంట తింటూ, మరిగే గంజి ఆ చేతిలో పెట్టి హాయిగా కూర్చున్నామో తలుచుకుని మా ఆయన ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత కొడుకులా కాకుండా ఆఫీసరులా ఆర్డరు వేశారు, అమ్మ ఇక వంటింట్లోకి వెళ్ళడానికి వీల్లేదని. మావగారు దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

నేను కొత్త గుడ్డపీలికలకి ముళ్ళు వేసి డబ్బాలకి కట్టాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవిణ్ణి చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళి, ఇది గట్టు, ఇది స్టవ్వు, ఇది తొట్టి అని చూపించాను. ఆవిడ మర్యాదగా అన్నీ తాకారు, చుట్టాలింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ కొత్త సామాను తాకినట్టు. "బాగుందే. చల్లగా ఉంది" అన్నారు. రెండోసారి పిలిస్తే రానన్నారు. వెలుతురు రావడం తప్పని నేనిప్పటికీ అనుకోను. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు, ఆ చీకట్లోనే ఆ చీర అంటుకునేది. కానీ ఆవిడకి ఇవ్వాల్సిందేదో నేను ఇవ్వలేకపోయాను, అది మాత్రం నిజం.

అలా ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం స్కూలు ఒంటిపూట కావడంతో తొందరగా వచ్చాను. మావగారు లోపల నిద్రపోతున్నారు. వరండా చివర చాప మీద అత్తగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు, గోడకేసి తిరిగి. ముందు ఏమీ లేదు. ఆవిడ చేతులు మాత్రం కదులుతున్నాయి.

గేటు చప్పుడు కాకుండా పట్టుకుని నిలబడిపోయాను. కుడిచెయ్యి పైకి వెళ్ళి గాల్లో ఒకచోట ఆగింది. వేళ్ళు దేన్నో తడిమి, ఒక ముడి దగ్గర ఆగి, మూత తిప్పాయి. చిటికెడు తీసి కింద వేశాయి. చెయ్యి ఇంకాస్త పక్కకి వెళ్ళి, రెండు ముళ్ళు తడిమి, మళ్ళీ మూత తిప్పింది. ఎక్కడా తడబాటు లేదు. తర్వాత వేలితో గాలిని టక్కున కొట్టి, చెవి ఒగ్గి విని, తృప్తిగా తల ఊపారు. చప్పుడేమీ రాలేదు. నాకు వినపడలేదని మాత్రమే చెప్పగలను. గరిటె తిప్పారు. అడుగంటకుండా రెండు చేతులతో గిన్నె పట్టుకుని కుదిపారు. ఆ చేతుల మధ్య బరువుందని ఒట్టేసి చెప్పగలను, మోచేతులు అలా దిగాయి.

మెల్లిగా మెట్లెక్కాను. "ఏం చేస్తున్నారత్తయ్యా?"

"కనపట్టంలా? వంట." ఆవిడ తల తిప్పలేదు. "కంగారు పడకు, నీ వంటింట్లో కాదులే. నా దాంట్లో."

చెప్పులు వదిలి, ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చోబోయాను.

"అక్కడ కాదే" అన్నారావిడ, చెయ్యి అడ్డం పెట్టి. "పొయ్యి ఉంది. కాలుతుంది."

నేను లేచి అవతలికి జరిగి కూర్చున్నాను.